మా అబ్బాయి బాస్కెట్‌బాల్ కోసం ఇంటర్ మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. బాస్కెట్‌బాల్ జూనియర్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడాడు. ఇప్పుడు చదువు మానేసి ఆటలోనే ఉంటానంటున్నాడు. ‘బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్ అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏనే వద్దనుకుని అంతవాడయ్యాడు, నేను ఇంటర్ వదిలితే ఏమైంది’ అని వాదన. ఏం చెప్పాలో తోచక ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ బాబు మంచి ఆటగాణ్నే ఆదర్శంగా పెట్టుకున్నాడు. కాకపోతే ఆ కథ సగమే విన్నట్టున్నాడు. మిగతా సగం మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1984 డ్రాఫ్ట్‌లో న్యూజెర్సీ నెట్స్ జట్టు ఆస్కార్‌ను ఆరో రౌండులో, 131వ ఆటగాడిగా ఎంచుకుంది. ఎన్‌బీఏలో ఆడితే దేశం తరఫున ఆడనివ్వని రోజులవి. ఆ నిబంధన 1989లో గానీ పోలేదు. బ్రెజిల్ జెర్సీ వదులుకోలేక ఆయన వెళ్లనన్నాడు. అప్పటికి వయసు ఇరవై ఆరు. 1982 నుంచే ఇటలీలోని కసెర్తా క్లబ్‌లో ప్రొఫెషనల్‌గా ఆడుతున్నాడు. ఆ దేశంలోనే మొత్తం పదకొండు సీజన్లు ఆడాడు. అంటే ఎన్‌బీఏని కాదన్న రోజున చేతిలో ఉద్యోగం ఉంది. మీ బాబు వదులుతానంటున్నది చేతిలో ఉన్న ఒక్కగానొక్క ఆధారాన్ని.

ఆస్కార్ బ్రెజిల్‌లోని నటాల్‌లో పుట్టి, బ్రసీలియాలో ఆట మొదలుపెట్టి, పదహారేళ్లకు సావోపాలోలోని పల్మీరాస్ క్లబ్‌కు వెళ్లాడు. అక్కడి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు చాలావరకు బాస్కెట్‌బాల్ జట్లు కూడా నడుపుతాయి, పిల్లల్ని చిన్నప్పుడే చేర్చుకుంటాయి. మన దగ్గర ఆ దారి లేదు. ఇక్కడ ఎక్కువమంది ఆటగాళ్లు కాలేజీ, యూనివర్సిటీ జట్ల మీదుగా రైల్వే లాంటి సంస్థల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు వెళ్తారు. ఆ ఉద్యోగాలకూ పదో, ఇంటరో, డిగ్రీయో, పోస్టును బట్టి చదువు అడుగుతారు. కోచ్ అవ్వాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) డిప్లొమా ఉంది.

ఎత్తు గురించి కూడా దాచకుండా చెబుతాను. ఆస్కార్ 2.05 మీటర్ల మనిషి. మన దేశపు ఆటగాడు సత్నామ్ సింగ్ ఏడడుగులు దాటిన మనిషి, 2015లో ఎన్‌బీఏ జట్టు డల్లాస్ మావెరిక్స్ ఎంచుకుంది కూడా. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆరడుగుల రెండంటే బయట పొడుగే గానీ, పెద్ద స్థాయి కోర్టులో అది గార్డ్ ఎత్తు, అంటే బాస్కెట్‌కు దూరంగా ఉండి బంతిని నడిపే ఆటగాడి ఎత్తు. బంతి మీద పట్టు, దూరం నుంచి గురి ఉండితీరాలి.

గురి అంటే ఏమిటో తెలియాలంటే 1987 ఆగస్టు 23 చూడాలి. ఇండియానాపొలిస్‌లో పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్. ఫస్టాఫ్ అయ్యేసరికి అమెరికా 68, బ్రెజిల్ 54. సొంతగడ్డ, నిండిన స్టేడియం. చివరికి 120–115తో బ్రెజిల్ గెలిచింది. ఆస్కార్‌వి 46 పాయింట్లు. ఆ మ్యాచ్ గురించి చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జనం ఆయన్ని ‘పవిత్ర హస్తం’ అన్నారు. ఆయనేమో అది సాధన చేసిన చెయ్యి అనేవాడు. 1980 నుంచి 1996 దాకా ఐదు ఒలింపిక్స్ ఆడాడు, 1,093 పాయింట్లు చేశాడు. నలభై ఐదేళ్లకు గానీ ఆట మానలేదు.

అందుకని బాబును ఆట మానమనకండి. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటే మాత్రం మార్పించండి. కోర్టు ఉన్న కాలేజీ చూడండి. ఎంపీసీ బరువనిపిస్తే సీఈసీకి మారినా నష్టం లేదు. రాష్ట్ర జట్టుకు ఆడిన సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో భద్రపరచండి, కోటా కింద ముందు అడిగేవి అవే.

బాబు ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. జట్టు ప్రాక్టీసు అయిపోయాక ఒక్కడే ఎన్ని షాట్లు వేశాడు, ఎన్ని పడ్డాయి, రోజూ రాయాలి. నెలరోజులు రాశాక, ఆ బుక్కు, ఫైలు పట్టుకుని ఇద్దరూ వెళ్లి యూనివర్సిటీ జట్టు కోచ్‌ను కలవండి. ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.