మిత్రుడు బైక్ అడిగి తీసుకెళ్లి తిరిగివ్వకపోతే అది దొంగతనం కేసేనా?

పెళ్లికని మీ బైక్ తీసుకెళ్లిన మిత్రుడు ఫోనెత్తడం లేదని, స్టేషన్‌లో "ఇది దొంగతనం కిందికి రాదు" అన్నారని రాశారు. వాళ్లన్నది నిజమే. ఆ మాట చెప్పి మిమ్మల్ని ఇంటికి పంపేయడమే తప్పు.

నేను చాలా ఏళ్లు స్టేషన్ రైటర్‌గా చేశాను. దరఖాస్తు రాగానే మేం చూసేది, సొత్తు మనిషి చేతిలోంచి ఎలా పోయిందని. మీరు ఒప్పుకోకుండా పోతే దొంగతనం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 303. తాళాలు మీరే ఇచ్చారు కాబట్టి ఇక్కడ అది పడదు. తీసుకెళ్లాక బుద్ధి మారి అమ్మేసినా, తాకట్టు పెట్టినా నమ్మకద్రోహం, సెక్షన్ 316. ఐదేళ్ల దాకా శిక్ష. అసలు పెళ్లే లేదు, బైక్ కాజేయడానికే కథ చెప్పాడంటే మోసం, 318, ఏడేళ్ల దాకా. పాత ఐపీసీలో 406, 420 అంటే ఇవే. అందుకే అడిగినప్పుడు వాడు ఏమన్నాడో ఆ మాటల్లోనే రాయండి, వాట్సాప్ మెసేజ్‌లు జతచేయండి. కేసు ఎటు తిరుగుతుందో అక్కడే తేలుతుంది.

గొలుసు లాక్కోవడం, భూమి కబ్జా లాంటివి ఏ కేసు కిందికి వస్తాయని కూడా అడిగారు కదా. మెడలో గొలుసు లాక్కుపోతే పాత ఐపీసీలోని దొంగతనం సెక్షన్ 379 వేయాలా, దోపిడీ సెక్షన్ 392 వేయాలా అని మాలో మాకే వాదన నడిచేది. 2024 జూలై 1 నుంచి దానికి వేరే సెక్షన్ వచ్చింది, 304. కొట్టో, కత్తి చూపించో లాక్కుంటే దోపిడీ, 309. అదే పని ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేస్తే బందిపోటు, 310. భూమి కబ్జా చేస్తే "నా స్థలం దొంగిలించారు" అని వచ్చేవాళ్లు చాలామంది. కదలని ఆస్తికి దొంగతనం ఉండదండీ, అది అక్రమ ప్రవేశం, 329. కానీ మీ గట్టు మీది టేకు చెట్టును కాజేద్దామని కొట్టేస్తే మాత్రం దొంగతనమే!

స్టేషన్‌లో మళ్లీ కాదంటే ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ పరిధి అయితే డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. బైక్‌ను పోలీసులు పట్టుకున్నాక మామూలుగా కోర్టులో పిటిషన్ వేసి, ఆర్‌సీ చూపించి, పూచీకత్తు మీద తెచ్చుకోవాలి. ఆర్‌సీ బైక్ డిక్కీలోనే ఉండిపోయి ఉంటే ఇప్పుడే నకలుకు పెట్టుకోండి.