రాజమండ్రి నుంచి వైజాగ్‌కి హైవే వదిలేసి లంబసింగి, అరకు మీదుగా ఒక్క రోజులో కారులో వెళ్లొచ్చా?

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో, ఆరేళ్ల పాపతో వెళ్తున్నామని, 16వ నంబరు హైవే మీద లారీల వెనక పోవడం విసుగొచ్చిందని రాశారు కదా. ఒక్క రోజులో వెళ్లొచ్చు, కానీ వెళ్లకండి. రెండేళ్ల క్రితం మేం సరిగ్గా అదే చేసి, ఉన్న అందమంతా కారు అద్దంలోంచి చూసుకుంటూ పోయాం.

హైవే మీద రాజమండ్రి నుంచి వైజాగ్ దాదాపు 190 కిలోమీటర్లు. తునిలో హైవే దిగి నర్సీపట్నం, లంబసింగి, పాడేరు, అరకు చుట్టుకుని వెళ్తే దూరం దాదాపు రెట్టింపు. అందులో సగం మలుపులే. ఘాట్‌లో గంటకి 25, 30 కిలోమీటర్లు లెక్కేసుకోండి. ఫోన్‌లో మ్యాప్ చూపించే టైముని నమ్మొద్దు. దానికి టీ బ్రేకులుండవు, దారికి అడ్డంగా పడుకునే ఆవులుండవు.

మేం తెల్లారి 5 గంటలకి బయల్దేరాం. తునిలో టిఫిన్, నర్సీపట్నంలో పెట్రోలు. లంబసింగి చేరేసరికి తొమ్మిదిన్నర. మంచు కోసం వెళ్లినవాళ్లం చక్కగా ఎండలో నిలబడి టీ తాగాం! అక్కడ చూడాల్సింది తెల్లవారుజామునే. చెరువులవేనం కొండ మీంచి కింద లోయంతా పాలు పోసినట్టు ఉంటుందంటారు, మాకు మాత్రం దక్కలేదు. అక్కణ్ణుంచి తాజంగి, జి.మాడుగుల మీదుగా పాడేరు దాకా దారి నిజంగా బాగుంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియం తీగలు, మధ్యలో ఎక్కడో ఒకచోట వలిసె పూల పసుపు. కానీ చేతిలో టైము లేదు. మా ఆవిడ ఫొటోకి ఆపమన్న ప్రతిసారీ "ముందు ఇంకా బాగుంటుంది" అంటూ పోనిచ్చాను. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది.

అసలు తప్పు అరకులో చేశాం. నాలుగున్నరకి చేరాం. డిసెంబర్‌లో ఐదున్నర దాటితే కొండల్లో చీకటే. అరకు నుంచి ముందు గాలికొండ దాకా ఎక్కి, తర్వాత అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగాలి. ఆ దిగుడంతా బ్రేకు మీద కాలేసి దిగాను. సగం దారిలో ప్లాస్టిక్ కాలినట్టు వాసన. పెడల్ మెత్తబడింది, తొక్కితే కిందికి పోతోంది గానీ బండి ఆగట్లేదు. హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో పక్కకి ఆపాను. వెనకొచ్చిన జీపు డ్రైవర్ దిగి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగాలి బాబూ, బ్రేకులు కాలిపోయాయి" అన్నాడు. అరగంట చల్లారనిచ్చి, సెకండ్ గేర్లో దిగాం. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకని నా సలహా: ఎప్పుడు ఎక్కాలో తర్వాత, ఎప్పుడు ఎక్కడ దిగాలో ముందు రాసుకోండి. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరి రాత్రికి నర్సీపట్నంలో గానీ, గది దొరికితే లంబసింగిలో గానీ ఆగండి. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. టెంట్లు పెద్దవాళ్లకి వద్దు, చలి ఎముకల్లోకి దిగుతుంది. తెల్లారి మంచు చూసుకుని, నిదానంగా పాడేరు రండి.

పాడేరులో గడియారం చూడండి. పదకొండు లోపు చేరి అందరూ హుషారుగా ఉంటే అరకు వైపు తిరగండి. దారిలో బండరాళ్ల మీంచి నీళ్లు జారే చాపరాయి దగ్గర కాసేపు ఆగినా మూడింటికల్లా అనంతగిరి ఘాట్ మొదలుపెట్టాలి. బొర్రా గుహలు ఆ రోజుకి వదిలేయండి, అక్కడ మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. పాడేరుకే ఆలస్యమైతే, లేదా ఎవరికైనా కడుపులో తిప్పుతుంటే, మొహమాటపడకుండా పాడేరు ఘాట్ దిగి చోడవరం మీదుగా వైజాగ్ వెళ్లిపోండి. అదీ అందమైన దారే. మధ్యలో మోదకొండమ్మ తల్లి పాదాల దగ్గర డ్రైవర్లందరూ ఆగి దణ్ణం పెట్టుకుంటారు. అక్కణ్ణుంచి లోయ కనిపిస్తుంది.

పొగమంచులో హైబీమ్ వేయకండి, వెలుతురు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. లో బీమ్, మలుపు మలుపుకీ హారన్. ఎక్కే బండికి దారివ్వాలి. నర్సీపట్నంలోనే ట్యాంకు నింపుకోండి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. దారిలో గంజాయి కోసం బండ్లు ఆపి చూస్తుంటారు, ఆ పది నిమిషాలు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక పాప సంగతి. ఘాట్ ఎక్కే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు, పాలు మాత్రం పట్టించకండి. మావాడికి నిండా గ్లాసు పాలు తాగించి ఎక్కాం. వైజాగ్‌లో మొదట వెళ్లింది సీటు కవర్లు మార్చే షాపుకే.