మీ అమ్మ కాళ్లు దించి కూర్చున్న చోటు

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి సాయంత్రం, కాఫీ తాగుతూ. బాగున్నాయనిపించింది. రెండోసారి తెల్లవారుజామున, నిద్ర పట్టక. అప్పుడు పెన్సిలు వెతుక్కున్నాను.

ఉత్తరంలో నువ్వు అడిగింది ఒక్కటే. ‘నేను విమర్శకురాలిని కాను మాస్టారూ, వారానికో సినిమా చూసే మామూలు ప్రేక్షకురాలిని. అందులోనూ ఫైట్లు, అంతరిక్షం అంటే ఇష్టం. నా అభిప్రాయం ఎవరికి కావాలి?’ అన్నావు. జవాబు నీ వ్యాసంలోనే ఉంది. ‘కల్కి 2898 ఏడీ’ మీద రాసినదాంట్లో నాలుగో పేజీ అడుగున, బ్రాకెట్లలో. ‘(అశ్వత్థామ లేచి నిలబడగానే, అప్పటిదాకా సీటు మీద కాళ్లు ముడుచుకుని ఉన్న మా అమ్మ కాళ్లు దించి, చెప్పులు తొడుక్కుని, పైట సర్దుకుని కూర్చుంది.)’

ఇంత మంచి వాక్యాన్ని బ్రాకెట్లలో ఎందుకు దాచావమ్మా? దానికి ముందు మూడున్నర పేజీల నిండా ‘సాంకేతిక విలువలు ఉన్నతంగా ఉన్నాయి’, ‘కథనంలో బిగువు లోపించింది’, ‘నేపథ్య సంగీతం ప్రాణం పోసింది’. లెక్కపెట్టాను, ‘ఉన్నతం’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ఇవన్నీ సినిమా విడుదలకు ముందే సిద్ధంగా ఉండే మాటలు. ఏ సినిమాకు తొడిగినా పడతాయి, ఎవరికీ నప్పవు. పెళ్లికి అద్దెకు తెచ్చిన కోటు చూశావుగా, అలాగే.

మీ అమ్మ చెప్పులు మాత్రం ఆ ఒక్క సినిమావే. ఆమె కాళ్లెందుకు దించిందో కాసేపు ఆలోచించు. అశ్వత్థామను ఆమెకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. నుదుటి మణి, ఉపపాండవుల హత్య, కృష్ణుడి శాపం, చావు లేని తిరుగుడు, ఇవన్నీ ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన లెక్కల ప్రకారం కలియుగం మొదలైంది క్రీస్తు పూర్వం 3102లో. అక్కడి నుంచి ఆరు వేల ఏళ్లు నడిస్తే 2898కి చేరతాం. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ పేరు పెట్టింది ఈ లెక్కతోనే. ఆ ఆరు వేల ఏళ్లూ దాటుకుని, ఒళ్లంతా గుడ్డలు చుట్టుకుని ఒక ముసలివాడు ఎదురుగా నిలబడితే పెద్దమనిషి ఇంటికి వచ్చినట్టే కదా! కాళ్లు దించక ఏం చేస్తుంది?

మరి ముడుచుకుని కూర్చున్నది ఎప్పుడు? ధనవంతులుండే కాంప్లెక్స్‌లో అడుగుపెట్టడానికి హీరో భైరవ యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, కూడబెట్టుకునే భాగంలో. ఆ భాగంలో నేనూ రెండుసార్లు గడియారం చూశాను. భారతం మీద నిలబడినంతసేపూ ఆ సినిమాకు బరువుంది. తాను కొత్తగా కట్టిన లోకంలో తిరుగుతున్నప్పుడు, గృహప్రవేశం అయ్యాక ఇంకా సామాను విప్పని ఇల్లులా ఉంది. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే నీ కారణం రాయి. కానీ మొదలుపెట్టాల్సింది చెప్పుల దగ్గరే.

నేను చేసిన వెధవ పని ఒకటి చెబుతాను, ఎక్కడా అనకు. ఒక వారపత్రికకు సినిమా సమీక్షలు రాసే రోజుల్లో ఒకసారి మొదటి ఆటకు వెళ్లాను. ఇంటర్వెల్‌లో బయటికొస్తే మా ఊరికి ఆఖరి బస్సు కదులుతోంది, ఎక్కేశాను. ఇంటికొచ్చి ‘ద్వితీయార్ధం మరింత పట్టుగా సాగింది’ అని రాసిపడేశాను. ఊరికే ఉండక, ఏ ఊరి హాల్లో, ఏ రోజు చూశానో కూడా మొదటి వాక్యంలోనే గొప్పగా చెప్పుకున్నాను. పది రోజులకు ఒక కార్డు వచ్చింది. ‘అయ్యా, ఆ రోజు మా హాల్లో ద్వితీయార్ధం పడలేదు. కరెంటు పోయి టికెట్ డబ్బులు వెనక్కి ఇచ్చాము. ఇట్లు, ఆపరేటరు.’ ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది. ‘పట్టు’ అన్న మాట ఉన్న పుటలో.

తయారుగా ఉన్న మాటలతో వచ్చే చిక్కు ఇదే. సినిమా చూడకుండానే రాయనిస్తాయి.

నీ రెండో వ్యాసం ‘డ్యూన్’ రెండో భాగం గురించి. ‘ఆ లోకం నమ్మశక్యంగా ఉంది’ అన్నావు. ఎందుకు నమ్మావో చెప్పలేదు. 2021లో వచ్చిన మొదటి భాగంలో ఒక సన్నివేశం గుర్తుందా? ఎడారి మనుషుల నాయకుడు స్టిల్గార్ దొరగారి సభకు వచ్చి, బల్ల మీద ఉమ్మేస్తాడు. అందరూ కత్తులకు చేతులు వేస్తారు. అంతలో దొరగారి మనుషుల్లో ఒకడు, ఒంట్లోని తడిని కానుకగా ఇచ్చినందుకు కృతజ్ఞతలని చెప్పి తానూ ఉమ్ముతాడు. మన దగ్గర ఎవరి ముందైనా ఉమ్మితే తల పగులుతుంది. అక్కడ అది మర్యాద. నీళ్లు ఎంత కరువో ఆ ఒక్క ఉమ్ముతో తెలిసిపోయింది. ఎవరూ పటం ముందు నిలబడి వర్షపాతం లెక్కలు చదవలేదు. రెండో భాగంలో చచ్చినవాడి ఒంట్లోంచి నీళ్లు తోడుతుంటే నువ్వు కళ్లు మూసుకోకుండా చూశావంటే, ఆ ఉమ్ము నీకు ముందే నేర్పింది కాబట్టి.

సైన్స్ ఫిక్షన్ చూసేటప్పుడు నేను వెతికేది ఇదే. ఈ లోకానికి ఒక నియమం ఉంటుంది. దాన్ని నాకు ఎలా చెప్పారు? చెప్పాక దాంతో ఏం చేశారు?

ఈ లెక్కన నీ మూడో వ్యాసం నన్ను నిరాశపరిచింది. ‘గాడ్జిల్లా మైనస్ వన్’ గురించి ‘తక్కువ ఖర్చుతో హాలీవుడ్‌కు దీటైన గ్రాఫిక్స్’ అని రాసి సరిపెట్టావు. నిజమే, 35 మంది బృందం 610 షాట్లు చేసింది, దర్శకుడు తకాషి యమజాకీయే ఆ బృందాన్ని నడిపాడు, 2024లో ఆస్కార్ వచ్చింది. ఇది ఎవరైనా చెప్పగలరు. నువ్వు సినిమా చూసినదానివి కదా, ఆ చెక్క పడవ గురించి చెప్పాలి. యుద్ధం ముగిశాక సముద్రంలో మిగిలిపోయిన మందుపాతరలు ఏరే పని హీరోకు దొరుకుతుంది. పడవ చూస్తే పాత చెక్క డొక్కు. ఇదేమిటంటే, ఆ పాతరలు ఇనుమును పసిగట్టి పేలుతాయి, అందుకే చెక్క అంటారు. సరే, తెలివైన పనే అనుకుంటాం. కాసేపటికి అదే పడవ వెనక సముద్రాన్ని చీల్చుకుంటూ గాడ్జిల్లా అనే ఆ మహా మృగం తల వస్తుంది. ఇందాక ప్రాణం కాపాడిన చెక్కే ఇప్పుడు అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. ఇంట్లో టీవీలో చూస్తున్నవాడిని, ఎందుకో కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అలాంటి కుదుపు నీకు ఎక్కడ కలిగిందో నీ వ్యాసంలో లేదు.

ఇంకో మాట. ఆ సినిమాలో మృగం కనిపించేది తక్కువసేపే. ఎక్కువసేపు కనిపించేది, ఆత్మాహుతి దాడికి వెళ్లి చావలేక తిరిగొచ్చిన ఒక పైలట్ ముఖం. వనరులు తక్కువైనందువల్లే మనుషుల మీద అంత శ్రద్ధ పెట్టారేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ. ఊహను ఊహగానే రాస్తే పాఠకుడు తప్పు పట్టడు.

ఇక ఫైట్లు. ‘పోరాట సన్నివేశాలు ఒళ్లు గగుర్పొడిచేలా ఉన్నాయి’ అనే వాక్యాన్ని మూడు వ్యాసాల్లోనూ కొట్టేశాను. దాని బదులు నిన్ను నువ్వు ఒక ప్రశ్న అడుగు: ఎవడు ఎక్కడ నిలబడ్డాడో నాకు తెలుస్తోందా? 2024లో వచ్చిన హిందీ సినిమా ‘కిల్’ తీసుకో. కథ దాదాపు అంతా రైలు పెట్టెల్లోనే. మనలో ఆ పెట్టె తెలియనిదెవరికి? పక్క బెర్తులు, పచ్చటి పరదాలు, మరుగుదొడ్డి దగ్గర వాష్‌బేసిన్, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిలి దారి ఇవ్వాల్సిన నడవా. అక్కడ చెయ్యి పూర్తిగా చాచి కొట్టడానికి చోటుండదు. అందుకే ప్రతి దెబ్బా దగ్గరి నుంచి, మోచేత్తో, మోకాలితో, చేతికందిన వస్తువుతో పడుతుంది. సినిమా పేరు కూడా చాలాసేపటికి గాని తెర మీద పడదు. అది పడ్డాక హీరో మారిపోతాడు. నాకు ఆ నెత్తురు ఎక్కువైంది, సగం చోట్ల పక్కకు చూశాను. అయినా ఎవడు ఏ బెర్తు పక్కన పడ్డాడో ఇప్పటికీ చెప్పగలను. మరికొన్ని సినిమాల్లో వందమంది గాల్లోకి లేస్తారు, సెకనుకు రెండు షాట్లు మారతాయి, ఇంటికొచ్చాక ఒక్కడి ముఖమూ గుర్తుండదు.

ఇది ఊరికే వచ్చే పని కాదు. 2015లో జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్’ తీసినప్పుడు, చూడాల్సింది ఎప్పుడూ తెర నడిమధ్యలోనే ఉండేలా షాట్లు పెట్టించాడు. షాటు మారినా మన కన్ను వెతుక్కోనక్కర్లేదు. అంతకుముందు యాక్షన్ సినిమా ఎడిట్ చేయని మార్గరెట్ సిక్సెల్ దాన్ని కూర్చి ఆస్కార్ తీసుకుంది. 2024లో వచ్చిన ‘ఫ్యూరియోసా’లో ట్యాంకరు మీది పోరాటం ఒక్కటే పావుగంట ఉంటుంది, దాని చిత్రీకరణకు 78 రోజులు పట్టింది. జనం ఆ సినిమాకు పెద్దగా వెళ్లలేదు. హాల్లో మాతో పాటు పది మంది కూడా లేరు. వసూళ్లతో నీకు పని లేదు, ఆ పావుగంట గురించి రాయి.

ఫైట్ మాస్టర్ల పేర్లు నేర్చుకో. టైటిల్స్‌లో వాళ్ల పేరు పడేటప్పుడు పాప్‌కార్న్ కోసం లేవకు. రామ్-లక్ష్మణ్‌ల ఫైటుకూ పీటర్ హెయిన్ ఫైటుకూ తేడా నీకు ఇప్పటికే కళ్లకు తెలుసు, మాటల్లో పెట్టలేదంతే. ఆస్కార్ వాళ్లకే ఇప్పటికి తెలివొచ్చింది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్లకు విడిగా అవార్డు ఇస్తారట.

టామ్ క్రూజ్ దగ్గర మాత్రం నీతో పేచీ ఉంది. 2025లో వచ్చిన ‘మిషన్ ఇంపాజిబుల్’ మీద రెండు పేరాలు రాసి, ‘విమానం రెక్క మీద నిజంగానే వేలాడాడు కాబట్టి గొప్ప సన్నివేశం’ అన్నావు. నిజంగా వేలాడటం ఆయన గొప్ప. సన్నివేశం గొప్పతనం తెర మీద వెతకాలి. నాకు దొరికింది ఆయన బుగ్గలు. గాలి దెబ్బకు ముఖం మీది చర్మం ఉతికి ఆరేసిన బట్టలా కొట్టుకుంటోంది. అరవై దాటిన మనిషి ముఖం అది. ఆ ముఖాన్ని చూస్తూ చేతి కింది కుర్చీ పట్టుకున్నాను. దానికి ముందు గంటసేపు మనుషులు గదుల్లో నిలబడి ఒకరికొకరు కథ వివరించుకుంటారు, దాన్ని ఏమీ అనకుండా వదిలేశావు. అభిమానం ఉంటే ఉండనీ. విసుగు కలిగినప్పుడు విసుగు కలిగిందని రాయడానికి అభిమానం అడ్డు రాకూడదు.

మార్కులు వేయకు, అయిదుకు రెండున్నర, మూడుంబావు లాంటివి. ముగింపు చెప్పేయకు. ‘కుటుంబ సమేతంగా చూడదగిన’ అన్న మాట ఇకపై నీ కలం నుంచి రాకూడదు.

అభిప్రాయం మారితే సిగ్గుపడకు. 1991లో ‘ఆదిత్య 369’ చూసినప్పుడు నాకు ఆ కాలయంత్రం మీదే ధ్యాస. రాయల కాలానికి వెళ్లడం ఎంత బాగుందో, భవిష్యత్తుకు వెళ్లడం అంతకన్నా బాగుందనిపించింది. 2025లో మళ్లీ హాళ్లకు వస్తే మనవడిని తీసుకెళ్లాను. ఈసారి భవిష్యత్తు భాగం అట్టముక్కల బొమ్మలా తోచింది, రాయల సభ మాత్రం చెక్కు చెదరలేదు. ‘జాణవులే’ పాటలో జిక్కి గొంతు వినిపించగానే నేను ముందుకు వంగాను. వాడేమో యంత్రం దీపాలు వెలిగినప్పుడు వంగాడు. ఇద్దరం ఒకే సినిమా చూశామా అని ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

నీ వ్యాసాలు వెనక్కి పంపుతున్నాను. పెన్సిలు గీతలు చూసి బెంగపడకు, చెరిపితే పోతాయి. ‘కల్కి’ ఒక్కటీ మళ్లీ రాయి. చెప్పులతో మొదలుపెట్టి. ఒక సంగతి నాకు తెలియాలి. సినిమా అయ్యాక ఇంటికి బస్సులో వచ్చామని రాశావు, దారంతా మీ అమ్మ ఏం మాట్లాడిందో రాయలేదు. గుర్తు లేకపోతే ఆమెనే అడిగి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు