కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ఏ లైకా?

ప్రశ్న: ఆరేళ్ళుగా కెనానెట్ క్యూఎల్17 జి-3 కెమెరా వాడుతున్నాను. ఇప్పుడు లెన్సులు మార్చుకునే వీలున్న లైకా కొనాలని ఉంది. ఎం3, ఎం2, ఎం6లలో ఏదో తేల్చుకోలేకపోతున్నాను. వెలుతురు కొలిచే మీటర్ ఉంది కాబట్టి ఎం6 మేలని స్నేహితులు అంటున్నారు. అన్నట్టు, నాకు కళ్ళజోడు ఉంది. మీరైతే ఏది తీసుకుంటారు? – ఓ పాఠకురాలు

జవాబు: నేనైతే ఎం2 తీసుకుంటానండీ. నేను వాడుతున్నదీ అదే. మీరు చివర్లో అన్నట్టు అంటూ రాసిన కళ్ళజోడు సంగతినే నేను ముందు చూస్తాను, ఎందుకంటే నాకూ ఉంది.

ఈ లైకాలన్నీ రేంజ్‌ఫైండర్ కెమెరాలు. వీటిలో మనం చూసేది లెన్సులోంచి కాదు, దాని పక్కనున్న చిన్న కిటికీలోంచి. ఫొటో హద్దులు చెప్పేది అందులో కనిపించే తెల్ల గీతలే. మధ్యలో కళ్ళజోడు అద్దం ఉంటే కన్ను ఆ కిటికీకి పూర్తిగా ఆనదు, అంచున ఉన్న గీతలు తప్పిపోతాయి. అందుకే మీటర్ ఉందా లేదా అన్నది నాకు తర్వాతి మాట.

1954లో వచ్చిన ఎం3 కిటికీ 0.91 రెట్లు చూపిస్తుంది, అంటే మనిషి దాదాపు ఉన్నంతలోనే కనిపిస్తాడు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే తెల్ల ఫ్రేమ్ గాల్లో నిలబడినట్టు ఉంటుంది. 50 మి.మీ. లెన్సుతో (ఈ అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది) మనుషుల్ని తీసేవాళ్ళకు అంతకన్నా సుఖం ఇంకోటి లేదు. కానీ అందులో 35 లెన్సుకు గీతలు లేవు. దానికోసం లైకావాళ్ళు లెన్సుకే కళ్ళజోడు లాంటి అద్దాలు తగిలించి అమ్మారు! మీ కెనానెట్ లెన్సు 40. ఆరేళ్ళుగా ఆ వెడల్పుకు అలవాటుపడిన కంటికి 50 ఇరుకనిపిస్తుంది, 35 దగ్గరగా ఉంటుంది.

1984లో వచ్చిన ఎం6ని స్నేహితుడి దగ్గర తీసుకుని కొన్ని నెలలు వాడాను. మంచి కెమెరా. బ్యాటరీ అయిపోయినా షట్టర్ ఆగదు. కానీ 35 లెన్సు పెడితే 135 గీతలు కూడా వెంట వస్తాయి, కింద మీటర్ చూపే ఎర్ర బాణాలు వెలుగుతుంటాయి. ముఖం చూడాల్సిన క్షణంలో బాణాలు చూస్తున్నానని నాకే తెలిసిపోయేది. 28 గీతలైతే కళ్ళజోడుతో నాకు ఒక్కసారిగా ఎప్పుడూ కనిపించలేదు.

ఎం2లో ఏ లెన్సు పెడితే దాని గీతలే వస్తాయి: 35, 50, 90. కళ్ళజోడుతోనూ 35 ఫ్రేమ్ నాకు చక్కగా అందుతుంది. ఒకసారి మా అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆ చూసే కిటికీ మధ్యలో, ఫోకస్ కోసం ఉన్న చిన్న దీర్ఘచతురస్రంలో ఆ దారం రెండుగా కనిపించింది. లెన్సు మెల్లగా తిప్పాను. రెండు దారాలూ దగ్గరికి జరిగి ఒకటైపోయాయి, అంటే ఫోకస్ కుదిరినట్టు, నొక్కేశాను. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు. ఆ ఫొటో కోసమే ఈ కెమెరా ఉంచుకున్నా తప్పు లేదనిపిస్తుంది నాకు.

మీటర్ లేదని టెన్షన్ పడకండి. మీ కెనానెట్‌లోనూ మాన్యువల్‌లో పెడితే మీటర్ పలకదు కదా. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చేతి మీటర్‌తో చూసుకుంటే చాలాసేపు పనికొస్తుంది.

కెనానెట్ మాత్రం అమ్మకండి. అది సెకనులో 500వ వంతు వేగంలోనూ ఫ్లాష్‌తో కలుస్తుంది, ఎం2 50వ వంతు దాటితే కలవదు. పగటి వెలుగులో ఫ్లాష్ కావాలంటే మీకు పాతదే దిక్కు.

కొనేముందు దూరంగా ఉన్న స్తంభాన్నో గోడ అంచునో చూడండి. లెన్సును అనంతం గుర్తు మీద పెట్టినప్పుడు రెండు బొమ్మలూ సరిగ్గా కలవాలి, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండకూడదు. మధ్యలోని ఆ చిన్న దీర్ఘచతురస్రం మసకబారి ఉంటే వద్దనండి, దాన్ని బాగుచేయించడం పెద్ద పని. ఇంకోటి, ఎం2 కంటి కిటికీ చుట్టూ ఉన్నది లోహపు రింగు. దాని మీద సన్నని రబ్బరు రింగు అతికించాకే కంటికి పెట్టుకోండి. నేను అతికించేలోపే ఒక జత అద్దాలు గీతలు పడిపోయాయి.