లియోన్‌కు వస్తున్న అమ్ములుకు

అమ్ములూ,

వీసా చేతికొచ్చిందని మీ అమ్మ, అదే మా అక్క, ఫోను చేసింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నల్లో కుక్కరు, స్వెటర్లు, మందులు, పచ్చళ్ళు అన్నీ ఉన్నాయి. మనుషుల గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా లేదు. సామాన్ల గురించి అంత బెంగ అక్కర్లేదు. లియోన్‌లోని గియొత్యేర్ ప్రాంతంలో కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. స్నేహితులు అలా దొరకరు కాబట్టి ఈ ఉత్తరం వాళ్ళ గురించే.

ముందు ఈ ఫ్రాన్సులో వారం ఎలా నడుస్తుందో తెలుసుకో. శుక్రవారం సాయంత్రం పార్ దియూ స్టేషనుకు వెళ్ళి చూడు, సగం మంది విద్యార్థులే. ఉతకాల్సిన బట్టల సంచితో అమ్మానాన్నల ఊరికి రైలెక్కుతూ ఉంటారు. అందుకే ఇక్కడ విద్యార్థుల సందడి గురువారం రాత్రి. మన పిల్లలు వారమంతా తలవంచుకుని చదివి, శనివారం స్నేహితుల కోసం చూస్తారు. ఆ సమయానికి ఆ స్నేహితులు వాళ్ళ అమ్మ వంట తింటూ ఉంటారు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు కాబట్టి ఊరు మరీ బోసిపోతుంది. 'ఫ్రెంచివాళ్ళు కలవరు' అని మనవాళ్ళు అనే మాటలో సగం ఈ లెక్క తెలియకపోవడం వల్ల వచ్చిందే. చదువు శనివారానికి జరుపుకుని, గురువారం సాయంత్రం ఖాళీ ఉంచుకో.

రెండోది మధ్యాహ్న భోజనం. పన్నెండు కొట్టగానే అందరూ లేస్తారు. క్రూస్ అంటే విద్యార్థుల తిండి, వసతి చూసే ప్రభుత్వ సంస్థ. వాళ్ళ క్యాంటీన్‌ను రెస్టో యూ అంటారు. ప్రభుత్వ సాయంతో నడుస్తుంది కాబట్టి బయటికంటే చాలా చౌక. శాకాహారం కూడా ఉంటుంది, రుచి గురించి మాత్రం నన్నడగకు. అక్కడికి తిండి కోసం కాదు, పక్కవాళ్ళ కోసం వెళ్ళాలి. డబ్బా తెచ్చుకున్న రోజైనా గదిలో ఒంటరిగా తినకుండా క్లాసువాళ్ళ పక్కన కూర్చో. మొదటి రెండు వారాల్లో ఎవరి పక్కన కూర్చున్నావో తరవాత ప్రాజెక్టుల్లోనూ వాళ్ళతోనే ఉంటావు.

ఎక్కడికి వెళ్ళినా ముందు బోంజూర్ చెప్పు, అంటే మన నమస్కారం లాంటిది. రొట్టెల దుకాణంలో, కాలేజీ ఆఫీసులో, బస్సు డ్రైవరుకు, లిఫ్టులో ఎదురైన పొరుగావిడకు. చిరునవ్వు చాలదు, నోటితో అనాలి. అది లేకుండా నేరుగా ప్రశ్న అడిగితే ఎంత మర్యాదగా అడిగినా వచ్చే జవాబు చల్లగానే ఉంటుంది. తోటి విద్యార్థులను మొదటి రోజు నుంచే 'నువ్వు' అనవచ్చు, ప్రొఫెసర్లను మాత్రం 'మీరు' అనే అనాలి. బుగ్గకు బుగ్గ ఆనించే పలకరింపు ఇష్టం లేకపోతే ముందుగానే చేయి చాపు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు సంగతి. ఇక్కడ స్నేహం పరిచయంతో మొదలవదు, అలవాటుతో మొదలవుతుంది. ఒకరోజు గంటసేపు నవ్వుతూ మాట్లాడిన అమ్మాయి మర్నాడు తల ఊపి వెళ్ళిపోతుంది. నువ్వు నొచ్చుకోవద్దు. అదే అమ్మాయిని ప్రతి మంగళవారం ఆరింటికి బ్యాడ్మింటన్ కోర్టులో చూస్తూ ఉంటే, డిసెంబరు నాటికి ఇంటికి పిలుస్తుంది. అందుకే పది చోట్ల తిరగకుండా ఒక్కచోట కుదురుగా చేరు. ఈ దేశంలో ఏ ఇద్దరు కలిసినా ఒక సంఘం పెట్టుకోవచ్చు, 1901 నాటి చట్టం ఆ వీలు కల్పించింది. కాబట్టి నాటకం, కొండలెక్కడం, బృందగానం, సైకిళ్ళ మరమ్మతు, దేనికైనా ఒక సంఘం ఉంటుంది. సెప్టెంబరులో బల్లలు వేసుకుని కొత్తవాళ్ళను చేర్చుకుంటారు. అడ్మిషన్‌కు ముందు సీవెక్ అనే విద్యార్థి రుసుము కింద వంద యూరోల పైచిలుకు కట్టావు కదా, అందులో కొంత విద్యార్థుల ఆటలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ పోతుంది. కట్టిన డబ్బు వాడుకో. యూనివర్సిటీ క్రీడా విభాగంలో మంచి వేళలన్నీ త్వరగా నిండిపోతాయి, మొదటి వారంలోనే పేరు రాయించు.

విదేశీ విద్యార్థుల పార్టీలకూ వెళ్ళు, సరదాగానే ఉంటాయి. కానీ ఎరాస్మస్ అనే యూరప్ విద్యార్థి మార్పిడి పథకం మీద వచ్చినవాళ్ళలో చాలామంది ఒక సెమిస్టరు కాగానే వెళ్ళిపోతారు. జనవరిలో మళ్ళీ మొదటికి వస్తావు. నీ కోర్సు ఇంగ్లీషులో ఉండటం చదువుకు మేలు, స్నేహాలకు కీడు. బల్ల దగ్గర నీ కోసం పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడతారు, తరవాత ఫ్రెంచిలోకి జారిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఆరుగురు తెలుగువాళ్ళ మధ్య ఒక ఫ్రెంచి అమ్మాయి కూర్చుంటే మనమూ అంతే కదా. తప్పుల ఫ్రెంచే మాట్లాడు. సరిదిద్దితే అది చులకన కాదు, ఇక్కడివాళ్ళ అలవాటు.

అపెరోకు, అంటే సాయంత్రం పానీయాలు, చిరుతిళ్ళతో కబుర్లకు, పిలిచారంటే ఒక మెట్టు ఎక్కినట్టే. ఏడున్నరకు రమ్మంటే ఏడు ముప్పావుకు వెళ్ళు. ముందుగా వెళితే ఇంటివాళ్ళు తడబడతారు, అరగంట ఆలస్యమైతే చిన్నబుచ్చుకుంటారు. ఏమి తేవాలో అడుగు. 'ఏమీ వద్దు' అన్నా ఉత్త చేతులతో వెళ్ళకు. వేడి పకోడీలు పట్టుకెళితే ఆ సాయంత్రానికి నువ్వే కథానాయికవు. ఇంకో మాట, అపెరో అంటే భోజనం కాదు. చిప్సు, ఆలివ్‌లు, చీజు ముక్కలతో పదింటి వరకూ మాటలే నడవవచ్చు. కడుపులో కొంచెం పెరుగన్నం వేసుకుని బయలుదేరు. సన్నగా కోసిన ఎండు సాసేజీ లియోన్‌లో ప్రతి బల్ల మీదా ఉంటుంది, చాలావరకు పంది మాంసమే. తినకపోతే అడిగి తెలుసుకో. మద్యం వద్దనుకుంటే ఒక్కసారి 'నేను తాగను' అని పండ్లరసం అడుగు. కారణం చెప్పనక్కర్లేదు, చెప్పడం మొదలుపెడితేనే చర్చ మొదలవుతుంది. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి కదలాలి.

కెఫేలో ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకుంటారు. గల్లాపెట్టె దగ్గర 'నేనిస్తాను, నేనిస్తాను' అనే మన కుస్తీ ఇక్కడ వద్దు, వాళ్ళకు ఇబ్బంది. నీ గదికి పిలిచినప్పుడు పదిమందిని పోగేయకు, నలుగురు చాలు. రాత్రి పది దాటితే గోడ అవతలివాళ్ళ నిద్ర సంగతి చూడాలి. సందడి చేసేట్టుంటే ముందురోజే మెట్ల దగ్గర చిన్న చీటీ అంటిస్తారు, నువ్వూ అంటించు.

మాటల్లో జీతాలు, మార్కులు, పెళ్ళి ఎత్తకు. రాజకీయాలు, సమ్మెలు, తిండి ఎంతైనా మాట్లాడతారు, గొంతు పెంచి మరీ వాదిస్తారు. పది నిమిషాల తరవాత నవ్వుతూ చీజు అందిస్తారు. మౌనంగా అందరితో ఏకీభవించేవాళ్ళకు అభిప్రాయాలు లేవనుకుంటారు, కాబట్టి నీదీ చెప్పు. నువ్వు హిందీ మాట్లాడతావా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. అప్పుడు మన యానాం గురించి చెప్పు. కాకినాడ దగ్గర తెలుగు మాట్లాడే ఊరొకటి 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉండేదని ఇక్కడ చాలామందికి తెలియదు, వాళ్ళకు తెలిసింది పాండిచ్చేరి ఒక్కటే. ఆ ఒక్క మాటతో అరగంట గడిచిపోతుంది.

కొత్తవాళ్ళను కలుపుకోవడానికి సీనియర్లు ఒక వారాంతపు విహారం పెడతారు. వెళ్ళడం మంచిదే. అక్కడ ఎవరైనా అవమానకరమైన పనులు చేయిస్తే వెంటనే వచ్చెయ్. 1998 నుంచి ఇక్కడ ర్యాగింగ్ చట్టప్రకారం నేరం.

తెలుగు అమ్మాయిలతో కలిసి ఇల్లు తీసుకుందామనుకుంటున్నట్టు అక్క చెప్పింది. నా మాట వింటే మొదటి ఏడాది వద్దు. అంతస్తుకొక ఉమ్మడి వంటగది ఉన్న క్రూస్ హాస్టలు దొరికితే అందులో చేరు. ఆ వంటగదిలో మొరాకో అమ్మాయి, బ్రెటన్ అబ్బాయి, నువ్వు ఒకే పొయ్యి కోసం ఎదురుచూస్తూ మాట్లాడుకుంటారు. పోపు పెట్టేటప్పుడు తలుపు మూసి కిటికీ తెరువు, లేకపోతే పొగ అలారం మోగి అంతస్తు మొత్తం ఒకేసారి పరిచయమవుతుంది. తెలుగువాళ్ళతో ఉగాది చేసుకో, ఆదివారం బిర్యానీకి వెళ్ళు. శనాదివారాలు వాళ్ళవి, వారం మధ్య రోజులు ఇక్కడివాళ్ళవి అనుకుంటే ఇద్దరికీ న్యాయం చేసినట్టు.

నవంబరు గురించి హెచ్చరించాలి. చినుకులు, సాయంత్రం ఐదు దాటగానే చీకటి, క్లాసు అయ్యాక పలకరించే మనిషి ఉండరు. అందరికీ బరువుగా ఉండే నెల అది. మరీ భారంగా అనిపిస్తే దాచుకోకు. ఇక్కడ చదివే విద్యార్థులకు సైకాలజిస్టును ఉచితంగా కలిసే పథకం 2021 నుంచి ఉంది, విదేశీ విద్యార్థులకూ వర్తిస్తుంది. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో అడిగితే దారి చూపిస్తారు. డిసెంబరు 8 వచ్చేసరికి ఊరు తేరుకుంటుంది. 1852 నుంచి ఆ రాత్రి కిటికీల్లో చిన్న దీపాలు పెట్టడం లియోన్ ఆనవాయితీ. ఆ రాత్రికి ఎవరైనా తోడు రమ్మంటే కాదనకు. జనవరిలో బాదం కేకు పంచుకునేటప్పుడు, ఫిబ్రవరి 2న దోసెల్లాంటి క్రేపులు వేసేటప్పుడు కూడా అంతే. తిరగేయడంలో మన చేతి నేర్పు చూసి వాళ్ళే నీకు పెనం అప్పగిస్తారు.

చివరగా ఇంటికి ఫోను. వేసవిలో మన దేశం మూడున్నర గంటలు ముందుంటుంది, అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి నాలుగున్నర గంటలు. అక్కతో మాట్లాడటానికి నీ మధ్యాహ్నం వేళ మంచిది. గురువారం రాత్రి నువ్వు ఫోను ఎత్తకపోతే కంగారు పడవద్దని అక్కకు నేను ముందే చెప్పి ఉంచుతాను.

ఆశీస్సులతో,
పిన్ని