కారు కొన్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

మీ అమ్మ పంపిన ఫొటోలు చూశాను. సంపత్ వినాయగర్ గుడి ముందు బండి, బోనెట్ మీద బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన పళ్లికిలిస్తూ నువ్వు. బావుంది. సెకండ్ హ్యాండ్ అంటే ఎవరూ నమ్మరు, రంగు అంత నిగనిగలాడుతోంది. కానీ "2017 మోడలే గానీ 31 వేలే తిరిగింది మావయ్యా, కొత్తదాంతో సమానం" అని వాయిస్ మెసేజ్ పెట్టావు చూడు, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు.

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనే నడుపుతున్నాను, ఇది నా మూడో కారు. మొదటిదాని ఇంజిన్ చివరి రోజు వరకూ గడియారంలా నడిచింది. పోయింది బాడీ. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించేది. వైజాగ్‌లో బండి ఎంత తిరిగింది అని అడగడం కంటే ఎక్కడ నిలబడింది అని అడగాలి. నీకు అమ్మినాయన ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి అంత దగ్గర్లో, షెడ్డు లేకుండా రోడ్డు పక్కన పెట్టేవాడన్నావు. అంటే ఆ బండి తిరిగింది తక్కువ, ఉప్పు గాలి పీల్చింది ఎక్కువ.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని పాలిష్ కాదు. ఒక పిన్నీసు తీసుకుని తలుపు తెరువు, కింది అంచుని వేలితో తడుము. రెండు మూడు చోట్ల చిన్న కన్నాలు తగులుతాయి. అద్దం మీద పడ్డ వాన నీళ్లు తలుపు లోపలికి దిగి ఆ కన్నాల్లోంచే బయటికి పోవాలి. ఇసుక, ఆకులు చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, ఉప్పుతో కలిసి, తలుపుని లోపలి నుంచి తినేస్తాయి. బయటికి రంగు బుడగలా ఉబ్బి కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. నా రెండో కారుకి మొదటిసారి పిన్నీసు గుచ్చినప్పుడు టీ డికాషన్ లాంటి నీళ్లు ఓ గ్లాసుడు కారాయి, వెనకాలే ఇసుక. నాలుగు తలుపులకీ చెయ్యి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో కూడా చెయ్యి పెట్టి చూడు, అక్కడ తడి ఉంటే డిక్కీ రబ్బరు పోయిందన్నమాట.

కడగడం గురించి. బీచ్ రోడ్డులో సాయంత్రం రెండు గంటలు నిలబెట్టావంటే అద్దం మీద వేలు పెట్టి నాలుక మీద పెట్టుకో, ఉప్పు తెలుస్తుంది. ఆ పొర మీద మీ వాచ్‌మన్ తడి గుడ్డతో తుడుస్తాడు, మనం నెలకింత అని ఇస్తాం. అది తుడవడం కాదురా, ఉప్పూ ఇసుకా కలిపి గరుకు కాగితంతో రుద్దడమే. ముందు నీళ్లు ధారగా పోసి మట్టి పోనివ్వాలి, తర్వాతే గుడ్డ. పైగా మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకి కుక్కర్ అడుగున తెల్లగా పేరుకుంటోందని మీ అమ్మే చెప్పింది, ఆ నీళ్లతో ఎండలో కడిగితే రంగు మీద చుక్కలు చుక్కలుగా మరకలు పడతాయి. కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకో, పొద్దున్నే నీడలో కడుక్కో. నెలకోసారి మాత్రం వాటర్ సర్వీసింగ్‌లో లిఫ్ట్ ఎక్కించి అడుగు భాగం కడిగించు. బీచ్ వైపు ఎక్కువ తిరిగితే పదిహేను రోజులకోసారి. పైన మెరుపు చూసి జనం మెచ్చుకుంటారు గానీ సైలెన్సరు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు ఉండేది కిందే. అడుగున యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టించుకో, ఆ ఖర్చు మంచిదే. కానీ కొట్టేవాడు ముందు శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాడా లేదా దగ్గరుండి చూడు. తడి మీద, తుప్పు మీద కొడితే తుప్పుకి దుప్పటి కప్పినట్టే.

తక్కువ తిరిగింది అన్నావు కదా, దాంట్లో ఇంకో తిరకాసు ఉంది. నీ ఫొటోలో ముందు టైరు జూమ్ చేసి చూశాను. గుండీ, అదే రోడ్డుని పట్టే గాడుల భాగం, బాగానే ఉంది గానీ పక్క గోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయి. దాని మీద కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు ఉంటాయి, వెతుకు. 1817 అని ఉంటే 2017లో 18వ వారం తయారైందని. టైరు అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, మన ఎండకి మరీనూ. ఆ టైర్లు బండితో వచ్చినవే అయితే బేరాలు లేకుండా మార్చేయ్, ఆనందపురం వైపు హైవే మీద వందలో పేలితే గుండీ ఎంత ఉందని ఎవరూ అడగరు. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, తిరిగినా తిరగకపోయినా గాల్లోని చెమ్మ లాక్కుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. ఇంజిన్ ఆయిల్ పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అది. ఈ "ఏడాదికో" అన్న మాట మన వాళ్లెవరికీ వినపడదు.

గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించు. ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, బంకు కుర్రాడు చెప్పే అంకె కాదు. నైట్రోజన్ అంటూ డబ్బులు అడుగుతారు, మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉందిరా.

బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, మన ఊళ్లో తొందరగా పడుతుంది. విప్పేటప్పుడు నల్ల వైరు ముందు, బిగించేటప్పుడు నల్లది ఆఖర్న. వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, ఆరాక కాస్త వాజిలైన్ రాయి. పది నిమిషాల పని.

మెకానిక్ గురించి చెప్పాలి. ఒకసారి ఒక పెద్ద వర్క్‌షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను, పేరెందుకులే. ఎందుకో అనుమానమొచ్చి ఇచ్చే ముందు రోజు రాత్రి మీ అత్త గోళ్ల రంగు తెచ్చి ఎయిర్ ఫిల్టర్ అంచు మీద చిన్న చుక్క పెట్టాను. బండి తిరిగొచ్చింది, బిల్లులో కొత్త ఎయిర్ ఫిల్టర్ ఉంది, బోనెట్ తీసి చూస్తే ఎర్ర చుక్క అక్కడే ఉంది. మేనేజర్ ముఖం చూడాలి. అప్పట్నుంచి నా మాట ఒకటే, మార్చిన పాత సామాను సంచిలో వేసి ఇవ్వమంటాను. గాజువాక ఆటోనగర్‌లో చేయించినా సరే, ఏసీ హాల్లో కాఫీ ఇచ్చే చోట చేయించినా సరే. నువ్వూ అలాగే అడుగు, మొహమాటపడకు. గ్లోవ్ బాక్సులో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతయింది రాసుకో. యాప్‌లు వద్దనడం లేదు, కానీ ఫోన్ మారితే ఆ లెక్క ఎటుపోతుందో నీకే తెలీదు.

నడపడం నీకు వచ్చు, నేను నేర్పనక్కర్లేదు. రెండు మాటలే. మన ఊరు ఎత్తుపల్లాల ఊరు, వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగితే హ్యాండ్ బ్రేక్ వెయ్యి, హాఫ్ క్లచ్ మీద బండిని వేలాడదీయకు. క్లచ్ ప్లేటు ఖరీదు తెలిశాక ఎలాగూ మానేస్తావు, ముందే మానేయ్.

రెండోది అరకు. ఎలాగూ డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌ని వేసుకుని పోతావు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ ఎక్కడం కష్టం కాదు, దిగడమే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి అని పాత డ్రైవర్లు అనేవారు, అది అక్షరాలా నిజం. నేను కుర్రతనంలో పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి దిగాను. అనంతగిరి దాటాక కాలిన వాసన, ఎదురు లారీదే అనుకున్నాను. ఇంకో నాలుగు మలుపులు తిరిగాక బ్రేకు పెడల్ మెత్తగా, స్పాంజి తొక్కినట్టు లోపలికి పోయింది. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగి, కొండ వైపు మట్టిలోకి దింపి ఆపాను. వెనక సీట్లో మీ అమ్మ, మీ తాతయ్య. మీ అమ్మకి ఇప్పటికీ టీ తాగడానికి ఆగామనే తెలుసు, చెప్పకు. పైకి ఎక్కుతున్న బండి ఎదురైతే దిగుతున్న నువ్వే పక్కకి తప్పుకో, రూలు కూడా అదే.

ఇక వాన. అక్టోబర్, నవంబర్ నెలల్లో ట్యాంకు సగానికి తగ్గనివ్వకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు, గుర్తుందో లేదో. కరెంటు లేక బంకులు మూతబడి, తెరిచిన చోట డబ్బాలు పట్టుకుని లైన్లు. తుఫాను కబురు వస్తే చెట్టు కింద నీడ చూసుకోకుండా బండి తీసి ఖాళీ చోట పెట్టు. రోడ్డు మీద నీళ్లు సగం చక్రం దాటితే దిగకు, ముందు బస్సు పోయిందని నువ్వు పోకు. ఒకవేళ నీళ్లలో ఆగిపోయిందా, మళ్లీ సెల్ఫ్ కొట్టకు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో. లోపలికి పోయిన నీళ్లని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆగిన బండిని తోయించుకుపోతే ఆరబెట్టి, ఆయిల్ మార్చి బాగు చేసుకోవచ్చు. సెల్ఫ్ కొట్టిన బండికి ఇంజిన్ దింపాలి. మామూలు ఇన్సూరెన్సు దానికి సాధారణంగా పైసా ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. ఈ ఊళ్లో అది తీసుకోవాల్సిందే.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది, అసలు విషయం. ఆర్సీ నీ పేరు మీదకి మారిందా? "ఏజెంట్ చూసుకుంటాడు" అని మాత్రం అనకు. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 ఇచ్చామన్న రసీదు నీ చేతిలో ఉండాలి. పాలసీ కూడా 14 రోజుల్లోగా నీ పేరుకి మార్పించుకో, అమ్మినాయన పేరు మీదే ఉంచి రేపు ఎక్కడైనా గుద్దితే నీ బండి రిపేరుకి క్లెయిమ్ రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. నీది సున్నా నుంచి మొదలై ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, అలా 50 దాకా పోతుంది. రెన్యూవల్ మర్చిపోయి 90 రోజులు దాటిస్తే అదంతా పోతుంది. ఆయన లోన్ మీద కొన్నాడేమో కూడా చూడు, ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్.ఓ.సి., ఆ పేరు తీయించడానికి ఫారం 35 తెమ్మను. డబ్బులన్నీ ఇచ్చేశావా? ఇచ్చేసే ఉంటావు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి బండి తీసుకుని ఇంటికి రా, ఎండెక్కాక వద్దు. గాలి గేజ్ నా దగ్గర ఉంది, టార్చ్ ఉంది. నువ్వు ఆర్సీ, పాలసీ కాగితాలు, పాత ఓనరు సర్వీసింగ్ బిల్లులు ఉంటే అవీ పట్టుకురా. మాసిన బట్టలు వేసుకురా, కింద దూరి చూడాల్సింది నువ్వే, నా నడుము వంగదు. అత్త పెసరట్లు వేస్తానంటోంది.

మీ మావయ్య