బండి నట్లు వారం వారం బిగించాలా?

ప్రశ్న: సార్, నాది 150 సీసీ బండి, కొని మూడేళ్లయింది. మొన్న సైలెన్సర్ బోల్ట్ ఒకటి దారిలో ఎక్కడో ఊడి పడిపోయింది, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు. అప్పట్నుంచి భయం పట్టుకుని ప్రతి ఆదివారం పానాలు ముందేసుకుని కనపడ్డ నట్టునల్లా బిగిస్తున్నా. మా నాన్నేమో అలా చేస్తే బాగున్నవి కూడా పాడవుతాయి అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీ నాన్నగారిదే అండి, సారీ. బోల్ట్ బిగించినప్పుడు అది రవ్వంత సాగుతుంది, స్ప్రింగులాగా, ఆ లాగుడే దాన్ని పట్టి ఉంచేది. ప్రతి ఆదివారం ఇంకో పావు తిప్పు, ఇంకో పావు తిప్పు అంటూ పోతే ఏదో ఒకరోజు బోల్టన్నా తెగుద్ది, లేదా ఇంజిన్ అల్యూమినియం కాబట్టి దాంట్లో థ్రెడ్ అన్నా పోద్ది, ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ దగ్గర ఈ పని చేసి నెత్తి కొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

అలాగని వదిలేయమని కాదు. సింగిల్ సిలిండర్ బండి 6000 ఆర్‌పీఎంలో పోతుంటే పిస్టన్ సెకనుకి 100 సార్లు కిందికీ పైకీ కొట్టుకుంటది, ఆ వణుకుడంతా ప్రతి నట్టుకీ చేరుద్ది. కాబట్టి చూడాలి. కానీ పానాతో కాదు, ముందు చేత్తో, కంటితో. ఒకసారి అన్నీ మాన్యువల్లో రాసినంత టైట్ చేయించి, ఒక్కో నట్టు మీదనుంచి పక్కనున్న లోహం మీదకి పెయింట్ మార్కర్‌తో గీత గీసెయ్యండి. రోజూ బండి చుట్టూ ఒక రౌండ్ వేస్తే చాలు, గీత తప్పిందా, నట్టు తిరిగింది, అంతే. దాన్ని మాత్రమే ముట్టుకోండి.

చేత్తో చూసేవి రెండు మూడున్నాయి. ముందు చక్రం బ్రేక్ గట్టిగా పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, టక్ మంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, లూజయ్యుండొచ్చు, ఆ టక్ బ్రేక్ ప్యాడ్లదో కోన్ సెట్‌దో తెలియాలంటే హ్యాండిల్ కింద ఫ్రేమ్ కలిసే చోట వేలు ఆనించి ఊపండి, వేలికే తెలిసిపోద్ది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ కదపండి, ఆడితే బేరింగో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చెయ్యి) బుష్షో అయ్యుంటది. చైన్ లూజు మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటది, మీ బండిది మాన్యువల్లో చూడండి.

ఇంకో మాట, నట్లు ఎక్కువగా ఊడేది పాత బండి అవ్వడం వల్ల కాదు, ఎవరో విప్పి మళ్లీ పెట్టడం వల్ల. నా సంగతే చెప్తా. ఒకసారి వెనక చక్రం పంక్చర్ వేయించుకుని వచ్చా, రెండ్రోజులకి బ్రేక్ తొక్కితే వెనక ఏదో కదిలినట్టు అనిపించి దిగి చూస్తే, డ్రమ్ బ్రేక్ ప్లేటుని స్వింగ్ ఆర్మ్‌కి పట్టి ఉంచే టార్క్ లింక్ ఉంటది చూడండి, దాని నట్టు సగం బయటికొచ్చేసింది, నట్టు ఊడకుండా అడ్డం పెట్టే స్ప్లిట్ పిన్ను అసలు పెట్టనేలేదు! అది గానీ పూర్తిగా ఊడితే బ్రేక్ వేసినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం లాక్ అయిపోద్ది. అప్పట్నుంచి చక్రం ఎవరు విప్పినా సరే, బండెక్కే ముందు యాక్సిల్ నట్టు, టార్క్ లింక్, స్ప్లిట్ పిన్ను, చైన్ అడ్జస్టర్ల గీతలు రెండువైపులా ఒకటేనా, ఇవి వంగి చూసుకుంటా, విప్పినతను పక్కనే నవ్వినా సరే.

ప్రశ్న: ఊడిపోయే బోల్టులకి థ్రెడ్ లాకర్ (మర మీద వేసే జిగురు) వేయమంటున్నారు, సైలెన్సర్ దగ్గర వేయొచ్చా?

జవాబు: సైలెన్సర్ దగ్గర వద్దు, నీలం రంగుది ఆ వేడికి తట్టుకోదు. అక్కడ కొత్త గాస్కెట్, కొత్త నట్లు వేసి, బండి చల్లారాకే బిగించండి. నంబర్ ప్లేట్, ఫుట్‌రెస్ట్ లాంటివాటికి నీలం ఒక్క చుక్క, ఆయిల్ శుభ్రంగా తుడిచాక. ఎర్రది మాత్రం కొనొద్దు, దాన్ని విప్పాలంటే బాగా వేడి చెయ్యాలి. ఇక లోపల ప్లాస్టిక్ రింగుండే నట్టు చేత్తో సాఫీగా తిరిగిపోతుంటే అది అయిపోయినట్టే, కొత్తది వేసుకోండి.

ప్రశ్న: నా యమహా కుడి అద్దం ఎంత బిగించినా లూజవుతోంది.

జవాబు: మీరు బిగించట్లేదు, విప్పుతున్నారు! యమహాల్లో చాలావాటికి కుడి అద్దానిది ఎదురు మర, ఎడమవైపు తిప్పి చూడండి.